కూతకు పోయినోడు తిరిగి రావాలె

మా అక్క మనవడు ఆక్లాండ్‌లో పుట్టాడు. పదమూడో ఏడు నడుస్తోంది. వాళ్ల బడిలో రగ్బీ ఆడతాడు. మొన్న సంక్రాంతికి వీడియో కాల్ చేసి, "తాతా, ఇది చూడు" అని ఫోను గోడకు ఆనించి దూరం జరిగాడు. కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. గుడ్లురిమాడు. నాలుక బయటపెట్టి, రెండు చేతులతో తొడలు చరుచుకుంటూ ఏదో భాషలో గొంతు చించుకున్నాడు. వెనక నుంచి వాళ్లమ్మ, "పక్కింటోళ్లు వస్తరురా!" అంటోంది.

దాన్ని హాకా అంటారట. మావోరీలది. ఆల్ బ్లాక్స్ అని పిలుచుకునే న్యూజిలాండ్ జట్టు ఆట మొదలయ్యే ముందు ఎదుటి జట్టు కళ్లలోకి చూస్తూ చేస్తుందట. "మన ఇండియాల ఇట్లాంటిది ఉందా తాతా?" అన్నాడు.

ఇది నోటితో చెప్పే సంగతా? లేచాను. లుంగీ పైకి లాగి కుడి తొడ మీద ఒక్క చరుపు చరిచాను. సకినాలు చుడుతున్న మా ఆవిడ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "మోకాలు ఆపరేషనై ఏడాది కాలే. ఈయనకు తొడగొట్టుడు కావాల్నట!" వాడు అక్కడ పడీ పడీ నవ్వాడు. నవ్వి, "దీన్నేమంటరు?" అన్నాడు.

"చెడుగుడు."

"దానికి బాల్ ఎట్లుంటది?"

బంతి లేని ఆట అంటే వాడికి బోధపడలేదు. అరగంట చెప్పాను. సగమే అయింది. మిగతా సగం వాడు తెలుగు చదవడం నేర్చాక చదువుకుంటాడని ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు సారుగా పనిచేశాను. సర్వీసు పుస్తకంలో వ్యాయామోపాధ్యాయుడు అని ఉంటుంది గానీ ఆ పేరుతో నన్ను పిలిచినవాడు లేడు. సూర్యాపేట దగ్గర ఉద్యోగంలో చేరి, మిర్యాలగూడ దిక్కు తొమ్మిదేళ్లు చేసి, 2023లో కోదాడ దగ్గర రిటైరయ్యాను. మూడు చోట్లా ఆట ఒకటే, నేల వేరు. సూర్యాపేట దిక్కు ఎర్ర చల్క. పడితే మోకాలి తోలు పోతుంది కానీ కాలు జారదు. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాల్వ కింద వరి దేశం. కోత అయిన మడిలో కొయ్యకాళ్లు అరికాలికి గుచ్చుకుంటాయి కాబట్టి అక్కడి పిల్లలు మునివేళ్ల మీద కదలడం పుట్టుకతో నేర్చుకుంటారు. నాకు మంచి కూతగాళ్లు అక్కడే ఎక్కువ దొరికారు. ఇది శాస్త్రం కాదు, నా లెక్క. కోదాడ దాటి హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సున్నపురాయి. ఆ నేలలో బరి తవ్వాలంటే ముందు గడ్డపార వంగుతుంది.

బరి తవ్వడం అన్నాను కదా, అదొక పెద్ద పని. నేలను జానెడు లోతు గుల్ల చేయాలి, రాళ్లు ఏరాలి, ఇసుకా రంపపు పొట్టూ కలిపి నీళ్లు చల్లాలి. ఆపైన సున్నం గీతలు. మిర్యాలగూడ దగ్గర ఉన్నప్పుడు ఒక ఏడు నాకు రంపపు పొట్టు దొరకలేదు. చుట్టూ అన్నీ రైస్‌మిల్లులే, ఊక గుట్టలు గుట్టలుగా ఉంటుంది, దానికేం భాగ్యమని ట్రాక్టరు నిండా తెప్పించి బరంతా పరిచాను. మెత్తగా పరుపులా ఉంది. పిల్లలు తెగ ఆడారు. ఆ రాత్రి ఎనిమిది ఇళ్లలో ఎవరికీ నిద్ర లేదు. ఊక ముక్క చర్మంలో దిగితే ఎంత దురదో తెలియాలంటే వరి పండించే ఇంట్లో పుట్టాలి. నేను పుట్టలేదు. తెల్లారి తల్లులు బడికి వచ్చారు. ఒకామె ఏమీ అనకుండా నా చొక్కాలో గుప్పెడు ఊక పోసి పోయింది.

ఇప్పుడు ఆట సంగతి. కొలతల ప్రకారం మగవాళ్లకు బరి పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. మధ్యలో గీత. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. ఇటు నుంచి ఒకడు కూతకు వెళ్తాడు. అటు ఒకరినో ఇద్దరినో తాకి, పట్టుబడకుండా గీత దాటి ఇవతలికి రావాలి. అంతసేపూ "కబడ్డీ కబడ్డీ" కూత ఆగకూడదు. నిబంధనల పుస్తకం వంద పేజీలున్నా ఆట ఇంతే. ఎవరినీ తాకకుండా, బాక్ లైన్ దాటకుండా వస్తే వీడు అవుట్. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత దాటితే ఒక పాయింటు. ముగ్గురో ఇద్దరో మిగిలి పట్టేస్తే సూపర్ టాకిల్ కింద మరో పాయింటు. ఇవన్నీ పైన వేసిన తాలింపు.

రగ్బీ తెలియని మనవాళ్ల కోసం అదీ చెప్తాను, మనవడు నేర్పిందే. గుడ్డు ఆకారం బంతి. అసలు ఆటలో పదిహేను మంది, ఒలింపిక్స్‌లో ఆడే పొట్టి ఆటలో ఏడుగురు. బంతి పట్టుకుని ఎంతైనా పరుగెత్తవచ్చు కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ఎదుటివాళ్ల గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే ఐదు పాయింట్లు. ఆపాలంటే మనిషిని నడుముకో కాళ్లకో చుట్టేసి పడగొట్టాలి. వాడి ఆట నాలుగు వీడియోలు చూశాక, ఆ పట్టు నాకు కొత్తగా అనిపించలేదు. మడమ దొరకబుచ్చుకోవడం, తొడ చుట్టేయడం, భుజంతో గుద్ది గీత బయటికి నెట్టడం ఇక్కడా అక్కడా ఒకటే. తేడా ఒకటి ఉంది. రగ్బీలో బంతి పట్టుకున్నవాడు ముందుకు పోతే చాలు. చెడుగుడులో పోయినవాడు తిరిగి రావాలి.

ఈ తేడా చూస్తే మన పుట్టుక కథ ఒకటి నాకు గొంతు దిగదు. ఏ ఆటల పోటీలకు వెళ్లినా వేదిక మీద పెద్దమనిషి మైకు అందుకుని, కబడ్డీ అభిమన్యుడి నుంచి పుట్టిందంటాడు. ఒక్కడు పద్మవ్యూహంలోకి దూరాడు, ఏడుగురితో తలపడ్డాడు, అదే మన కూతగాడు. వినడానికి బాగుంటుంది. కానీ అభిమన్యుడికి రావడం తెలియదు. కూతకు పోయి తిరిగి రానివాడిని మేం అవుట్ అంటాం, మూలపురుషుడని అనం. రగ్బీ వాళ్లకూ ఇట్లాంటి కథే ఒకటుంది. 1823లో ఇంగ్లండులోని రగ్బీ అనే ఊరి బడిలో విలియం వెబ్ ఎల్లిస్ అనే కుర్రాడు కాలితో తన్నాల్సిన బంతిని చేత పట్టుకుని పరుగు తీశాడనీ, అక్కడే ఆట పుట్టిందనీ చెప్పుకుంటారు. దానికి గట్టి ఆధారం లేదు. అయినా ప్రపంచ కప్పుకు అతని పేరే పెట్టుకున్నారు. ఆటలు పుట్టవు, అలవాటవుతాయి. అలవాటైనదానికి తరవాత ఎవరో తాతను వెతుకుతారు.

మా చిన్నప్పటి చెడుగుడులో గడియారం లేదు. దమ్మే గడియారం. వెన్నెల రాత్రుళ్లు కళ్లంలో ఆడేవాళ్లం. "చెడుగుడు గుడు గుడు" అంటూ పోయినవాడి ఊపిరి ఉన్నంతసేపే వాడి రాజ్యం. మధ్యలో దొంగతనంగా గాలి పీలిస్తే ముక్కు పుటాలు అదురుతాయి. అది చూడటానికే ఒక ముసలాయన కళ్లం గట్టు మీద బీడీ వెలిగించుకుని కూర్చునేవాడు. వెన్నెల్లో ముక్కు ఎట్లా కనిపించేదో ఆయనకే తెలియాలి. ఇప్పుడు కూతకు ముప్పై సెకన్లు. తెర మీద అంకెలు తగ్గుతుంటాయి. పెద్ద పోటీల్లో ఆటగాళ్ల కూత మనకు వినిపించను కూడా వినిపించదు.

పేరు ఊరికొకటి. మనకు చెడుగుడు, అరవవాళ్లకు సడుగుడు, మరాఠీవాళ్లకు హుతుతు, బెంగాలీలకు హాడుడు. పద్ధతులూ మూడు. సంజీవనిలో ఎదుటివాడు ఒకడు అవుటైతే మనలో చచ్చినవాడు ఒకడు లేచి వస్తాడు. గామినీలో చచ్చినవాడు జట్టంతా అయ్యేదాకా బయటే. అమర్‌లో చావే లేదు, లెక్క రాసుకోవడమే. 1920లలో మహారాష్ట్ర వ్యాయామశాలల వాళ్లు కూర్చుని ఈ కలగూరగంపకు నియమాలు రాశారు. ఇవాళ్టి ఆట చాలావరకు సంజీవని సంతానం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండల్ వాళ్లు అక్కడ ఆడి చూపించారు. ఆ అమరావతి విదర్భలోది, మనది కాదు. 1950లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. పాఠ్యపుస్తకంలోకి ఎక్కాక కబడ్డీ అన్న పేరు ఖాయమైంది, చెడుగుడు ఊళ్లోనే ఉండిపోయింది.

రగ్బీ కూడా మన గడ్డ మీదికి ఎప్పుడో వచ్చింది. మనవాడికి ఈ మాట చెబితే నమ్మలేదు. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో ఇంగ్లండువాళ్లు ఒక జట్టుగా, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ వాళ్లు కలిసి మరో జట్టుగా ఆడారు. మరుసటి ఏడే క్లబ్బు పెట్టుకున్నారు. ఎండకు తట్టుకోలేకపోయారు. పోలో, టెన్నిస్ వైపు మనసు మళ్లింది. ఉచితంగా పోసే మద్యం ఆపేశాక సభ్యులు పలచబడ్డారని కూడా చెప్తారు. ఐదారేళ్లకే మూసేశారు. బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, మూడు నాగుపాములు పిడులుగా, మూత మీద ఏనుగు బొమ్మతో ఒక కప్పు చేయించారు. అదే కలకత్తా కప్పు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు దానికోసం కొట్టుకుంటూనే ఉన్నాయి. మన వెండి, మన పాములు, మన ఏనుగు అక్కడికి పోయాయి. ఆట మాత్రం ఇక్కడ నాలుగు నగరాల క్లబ్బుల్లో మిణుకుమిణుకుమంది.

ఇప్పుడు మళ్లీ లేస్తోంది. 2019లో మన ఆడపిల్లలు మనీలాలో సింగపూర్‌ను 21-19తో ఓడించి పదిహేను మంది ఆటలో మొదటి గెలుపు చూశారు. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అని మన పేరుతో ఒక జట్టు కూడా ఆడింది. చూశాను. కుర్రాళ్లు ఉరుకుతుంటే ముచ్చటేసింది. కానీ మన రాజధాని పేరు చొక్కా మీద ఉన్నంత మాత్రాన నా చేయి తొడ మీదికి పోలేదు. నిజమే చెప్పాలి కదా.

ఎప్పుడు పోతుంది మరి? దీని గురించి చాలా ఆలోచించాను.

1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి మొదటిసారి పతకం పెట్టారు. బంగారం మనదే. హిరోషిమా, బ్యాంకాక్, బుసాన్, దోహా, గ్వాంగ్జౌ, ఇంచియాన్ అన్నిట్లోనూ మనదే. మగవాళ్లకు వరసగా ఏడు. 2010లో ఆడవాళ్ల ఆట చేర్చారు, అదీ మనమే. ఇన్ని బంగారాలకు మా స్టాఫ్‌రూంలో ఒక్కసారైనా ఎవరైనా చాయ్ తెప్పించారా అంటే గుర్తు లేదు. పేపర్లో నాలుగు లైన్లు. ప్రార్థనలో నేను చదివి వినిపిస్తే పిల్లలు వరసలో కాళ్లు మార్చుకుంటూ విన్నారు. సూర్యుడు తూర్పున పొడిచాడంటే చప్పట్లు కొడతారా? 2003లో 'ఒక్కడు' వచ్చినప్పుడు మాత్రం నెల రోజులు నా బరి నిండిపోయింది. అందరికీ మహేశ్‌బాబు లాగా కూతకు పోవాలనే, పట్టడానికి ఒక్కడూ లేడు. 2014 జులైలో ప్రో కబడ్డీ టీవీలోకి వచ్చాక కొంచెం మారింది. తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరి పేరు పిల్లల నోట పడింది.

అసలు మార్పు 2018లో వచ్చింది. ఆగస్టు 23, జకార్తా. సెమీఫైనల్లో ఇరాన్ చేతిలో 18-27. కోదాడ దగ్గర బడిలో సాయంత్రం ఎవరో ఫోన్లో చూసి చెప్తే నేను నమ్మలేదు. మరునాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఇంటి నిండా పేరంటాళ్లు. నేను పూజగది పక్కన ఫోను పట్టుకుని ఆడవాళ్ల ఫైనల్ చూస్తున్నాను. అదీ ఇరాన్‌తోనే. 24-27. వాయనం అందుకుంటున్న పక్కింటామె, "ఏందన్నా, ఎవరన్న పోయిన్రా?" అని అడిగింది. నా ముఖం అట్లా ఉందట.

సోమవారం బడికి వెళ్తే లెక్కల సారు, తెలుగు పంతులు, అటెండరు అందరూ దాని గురించే. ఎట్లా ఓడారు? ఎవరా ఇరానోళ్లు? ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో స్టాఫ్‌రూం నన్ను నా ఆట గురించి ప్రశ్న అడగడం అదే మొదలు. పిల్లలైతే మధ్యాహ్నం అన్నం మానేసి బరి దగ్గర ఉన్నారు. "సార్, ఫజల్ అత్రాచలి లెక్క ఎడమ మూల ఎట్ల పట్టాలె?" ఇన్నాళ్లకు పట్టు నేర్పమన్నవాడు దొరికాడు! నేర్పమన్నది మనల్ని ఓడించినవాడి పట్టు. ఆ సెమీఫైనల్ ఓటమితో దక్కిన కంచు పతకమే మా బడికి కబడ్డీని తెచ్చింది.

ఇరాన్ కుస్తీ దేశం. పట్టు వాళ్ల ఒంట్లోనే ఉంది. కూత మన దగ్గర నేర్చుకున్నారు. వాళ్ల ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చింది నాసిక్‌కు చెందిన శైలజా జైన్. పరాయి జట్టుకు నేర్పి మనల్ని ఓడించిందని కొందరు నొచ్చుకున్నారు. నేను నొచ్చుకోలేదు. నా దగ్గర నేర్చిన పిల్లాడు పక్క మండలం జట్టులో చేరి మా బడిని ఓడించిన రోజు నేను వాడికి గోలీసోడా తాగించాను. ఇంకో వింత చూడండి. జకార్తాలో బంగారం గెలిచిన ఇరాన్ జట్టులోని అబోజర్ మిఘానీని ఆ ఏటి ప్రో కబడ్డీ వేలంలో 76 లక్షలకు కొన్నది మన తెలుగు టైటాన్సే. ఆగస్టులో తిట్టుకున్నవాడికి అక్టోబరులో చప్పట్లు కొట్టాం.

మనం తప్ప ఎవరూ ఆడని ఆటలో గెలుపును చూసి పొంగిపోవడం ఒంటరిగా పరుగెత్తి మొదటి బహుమతి తీసుకున్నట్టు ఉంటుంది. ఇంకొకరు వచ్చి మన చెవి మెలేస్తే తప్ప మనకు ఆ ఆట మీద ఎంత ప్రేమ ఉందో తెలియలేదు. ఫిజీ దీవుల జనం పది లక్షలు కూడా లేరు. చెరకు తోటల కూలికి బ్రిటిషువాళ్లు ఓడలెక్కించిన మన తెలుగువాళ్ల మనవలు కూడా అక్కడున్నారు. 2016 రియోలో ఆ దేశం రగ్బీ కనిపెట్టినవాళ్లనే 43-7తో చిత్తు చేసి తన మొదటి ఒలింపిక్ పతకం, అదీ బంగారం, పట్టుకుపోయింది. ఆ ఏడుగురి ఆట గుర్తుగా ఏడు డాలర్ల నోటు అచ్చేసుకుంది. ఒకరి ఆటలో ఓడి ఓడి గెలిచినవాళ్ల సంబరం అది. జకార్తాలో ఇరాన్‌దీ అదే సంబరం. మనమేమో కనిపెట్టినవాళ్ల కుర్చీలో కూర్చున్నాం.

అన్నట్టు, మనకు జాతీయ క్రీడ అంటూ ఏదీ లేదు. హాకీ అని నేనే ముప్పై ఏళ్లు పిల్లలతో రాయించాను. 2012లో ఒక చిన్నారి సమాచార హక్కు కింద అడిగితే ఏ ఆటనూ అట్లా ప్రకటించలేదని కేంద్రం జవాబిచ్చింది. కబడ్డీని జాతీయ క్రీడ చేసుకున్నది బంగ్లాదేశ్.

సూర్యాపేట సంగతి చెప్పకుండా ఇది పూర్తికాదు. 2021 మార్చి 22, సోమవారం. 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మా సూర్యాపేటలో. హైదరాబాద్, విజయవాడ మధ్య బస్సులు చాయ్ కోసం ఆగే ఊరని పేరుపడ్డ చోటికి దేశం నలుమూలల పిల్లలు దిగారు. బడి అయ్యాక కోదాడలో బస్సెక్కాను. మునగాల దాటాక టైరు పంచరై గంట పోయింది. తిట్టుకుంటూ చేరేసరికి చీకటి పడింది. మైదానం దగ్గర ఆంబులెన్సులు. ప్రారంభోత్సవం వేళ, జనం కిక్కిరిసిన తాత్కాలిక గ్యాలరీ ఒకటి కూలిపోయింది. నూరు మందికి పైగా దెబ్బలు తగిలాయి. నేను వెళ్లేసరికి కట్టెలు ఎత్తుతున్నారు. కింద చెప్పులు. అన్నీ కలిపి ఒక పక్కకు కుప్ప పోశారు. ఎర్ర రిబ్బన్ కట్టిన చిన్న పిల్ల చెప్పు ఒక్కటే ఆ కుప్ప మీద ఉంది. రెండోదాని కోసం ఒకాయన టార్చి పట్టుకుని వెతుకుతున్నాడు. పాపకు ఏం కాలేదట, చెప్పు కోసం ఏడుస్తోందట.

నా పాత శిష్యుడొకడు, ఆటో నడుపుకుంటాడు, కాలు విరిగింది. వారం తర్వాత చూడబోయాను. "ఏ టీము కోసం పోయినవురా?" అన్నాను. "ఏ టీమో నాకేం ఎర్క సార్? పోరలు మంచిగ ఆడ్తరంటే పోయిన" అన్నాడు. అది జూనియర్ పోటీ. ఒక్క పేరున్న ఆటగాడు లేడు, సినిమా వాళ్లు లేరు. ఇంటికి వస్తూ ఆ మాటే తలుచుకున్నాను. టీవీలో ఎంతమంది చూశారన్న లెక్క వేస్తారు కానీ, పేరు తెలియని పిల్లల కూత వినడానికి పని మానుకుని వచ్చినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

తర్వాత 2023 అక్టోబరు 7, హాంగ్జౌ. మళ్లీ ఇరాన్. 28-28. ఆఖరి రెండు నిమిషాల లోపు. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ చావో రేవో కూతకు వెళ్లి, ఎవరినీ తాకకుండానే, తాకాకే అడుగు పెట్టాల్సిన బరి పక్క పట్టీ లాబీలో కాలు పెట్టాడు. పట్టేవాళ్లూ వెంటపడి లాబీలోకి వచ్చారు. పాత నియమం ప్రకారం వెంటపడినవాళ్లూ అవుటే, కొత్త నియమం ప్రకారం కూతగాడు ఒక్కడే. ఏ నియమంతో ఆడుతున్నారో అంపైర్లకే తేలలేదు. తీర్పు ఇటు చెప్పారు, అటు చెప్పారు. ఒకసారి వీళ్లు చాప మీద కూర్చున్నారు, ఒకసారి వాళ్లు. గంట దాకా ఆట ఆగింది. చివరికి 33-29తో బంగారం మనకు వచ్చింది. ఆడవాళ్లు అదే రోజు చైనీస్ తైపీ మీద 26-25, ఒక్క పాయింటుతో గెలిచారు. పవన్ ఆ వారంలోనే రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలకు మన టైటాన్స్‌కి వచ్చాడు. ఆ సీజనులో టైటాన్స్ అట్టడుగున నిలిచింది. అట్టడుగు మనకు అప్పటికి అలవాటే, వరసగా అది మూడోసారి. 2025లో విజయ్ మాలిక్ కెప్టెన్సీలో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

హాంగ్జౌ బంగారం చూసి నేను గంతులేయలేదు. మన కెప్టెన్ తాకలేదు. అది ఫోన్లో మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. కళ్లం గట్టు మీద బీడీ ముసలాయన ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. 2025 నవంబరులో ఢాకాలో మన ఆడపిల్లలు ప్రపంచ కప్పు ఫైనల్లో చైనీస్ తైపీని 35-28తో ఓడించారు. దాంట్లో ఏ లాబీ తగాదా లేదు. ఆ రాత్రి తొడగొట్టాను, మా ఆవిడ నిద్రపోయాక.

వీడియో కాల్ సంగతి మిగిలింది. అంతా విన్నాక మనవడు, "నేను ఒక రైడ్ చేస్త తాతా, నువ్వు రెఫరీ" అన్నాడు. వాళ్ల హాల్లో సోఫాకు ఇవతల కార్పెట్ అంచు గీత. అవతల వాళ్ల నాన్న, ఫిజీ నుంచి వచ్చిన పక్కింటి పిల్లాడు, ఒక కుక్క. వాడు వంగి, మునివేళ్ల మీద లేచి, "చెడుగుడు గుడు గుడు" అందుకున్నాడు. గుడులో డకారం రావడం లేదు, రగ్బీ పిల్లాడి నోట్లో అది గురుగురుమంటోంది. వాళ్ల నాన్న మోకాలు తాకాడు. మళ్లాడు. ఫిజీ పిల్లాడు ఒక్క దూకు దూకి మడమ అందుకున్నాడు. వీడు బోర్లా పడి, చెయ్యి చాచి, పాకుతూ వేలి కొస కార్పెట్ అంచుకు ఆనించాడు. కూత ఆపలేదు. "పాయింట్! పాయింట్!" అని వాళ్ల నాన్న అరుస్తున్నాడు.

నేను ఫోను ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను. మడమ దొరికినప్పుడు వాడి ముక్కు పుటాలు ఒక్కసారి అదిరాయి.

"గాలి పీల్చినవ్ బిడ్డా," అన్నాను. "అవుట్."